తీగపాకం రాకముందు

జనవరి 9

ఒరేయ్ మొండిఘటం,

నీ ఉత్తరం చేరింది. సగం నువ్వు రాశావు, మిగతా సగం మీ జైల్లో ఉత్తరాలు చదివే ఆఫీసరు నల్లసిరాతో కొట్టేశాడు. కొట్టేసిన చోటల్లా మీ బావను తిట్టి ఉంటావని చదవకుండానే తెలిసిపోయింది. ఆఫీసరు గారికి నా తరఫున థాంక్స్ చెప్పు. చెప్పక్కర్లేదులే, ఇదీ ఆయనే చదువుతాడుగా.

అంతంత దూరాలు పరిగెడుతూ మధ్యలో ఏం తింటావని అడిగావు. షాపుల్లో దొరికే ప్యాకెట్లు నా వల్ల కాదు, జిగురు నాకినట్టు ఉంటాయి. ఇంట్లోనే చేసుకుంటున్నాను. రెండు గ్లాసుల పంచదారకు ఒక గ్లాసు నీళ్లు పోసి, సన్నమంట మీద కలుపుతూ ఉండాలి. కరిగి, వేళ్ల మధ్య కాస్త జిగురుగా తగిలితే చాలు, తీగపాకం రాకముందే దించెయ్యాలి. ముదిరిందా, సీసాలో గడ్డకట్టి చస్తుంది. నిమ్మకాయ పిండితే మళ్లీ పలుకులు కట్టదు. ఉప్పు నాలుక్కి తెలిసేంత వెయ్యాలి, చెమటతో పోయేది అదే కాబట్టి. ఉడికించిన బంగాళాదుంపను మెత్తగా చేసి అందులో కలుపుతాను. చిన్న చిన్న పాలిథీన్ కవర్లలో పోసి, నేను పనిచేసే ఆసుపత్రి లాండ్రీలో ఇస్త్రీపెట్టెతో అంచులు అతికిస్తాను. మొదటిసారి పెట్టె మరీ కాలి కవరు పేలింది. ఆసుపత్రి పెద్ద డాక్టరు తెల్లకోటు నిండా పాకం. మా సూపర్‌వైజరు వాసన చూసి, "ఇదేం జబ్బమ్మా?" అన్నాడు.

ఇది మొదట చేసింది నా పరుగు కోసం కాదు. నువ్వు మీ బావ దవడ విరగ్గొట్టాక ఆయన పళ్లను తీగలతో బిగించి కట్టారు. నోరు తెరవలేని మనిషికి గొట్టంతో పట్టించడానికి పలచగా ఉండి బలమిచ్చేది ఏముందా అని వెతుక్కుంటూ చేశాను. ఆయన తాగగా మిగిలింది నేను జేబులో వేసుకుని పరిగెత్తాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను. కూర్చుని నొచ్చుకో.

అసలు సంగతికి వస్తాను. ఎండాకాలంలో విడుదల కమిటీ కూర్చుంటుందట. దెబ్బలు తిన్న మనిషిని పిలిచి, వదలమంటావా వద్దంటావా అని అడుగుతారట. మీ బావ నీ నుంచి క్షమాపణ కోరలేదు. ఒక్కటే అన్నాడు: "నేను నిన్ను కొట్టలేదని వాడు మనసులో నమ్మితే చాలు. వెళ్లి వదిలెయ్యమని నా నోటితోనే చెప్తాను." నేను పరిగెడుతూ పడ్డానురా. ఆసుపత్రిలో చెప్పాను, కోర్టులో చెప్పాను. ఇంకెక్కడ నిలబడి చెప్పమంటావు?

ఒళ్లు జాగ్రత్త. ఎవరితోనూ కలబడకు.

నీ అక్క


జనవరి 24

అక్కా,

నీ వంట పుణ్యమా అని ఆఫీసరు గదిలో చాలాసేపు నిలబడ్డాను. "తీగపాకం అంటే ఏంటి? ఏ తీగ? ఎక్కడి నుంచి ఎక్కడికి?" అని ఒకటే గోల. పంచదార సార్, అన్నాను. నమ్మలేదు. చివరికి వంటశాలకు తీసుకెళ్లి, ఆయన ఎదురుగానే కాచి చూపించాను. వేలు పెట్టి నాకి, "ఇంకాస్త ఉప్పు పడాలి" అని వెళ్లిపోయాడు.

బయట మాంసం కొట్టేవాణ్ణి కదా అని నన్ను వంటశాలలో వేశారు. కత్తికి గొలుసు, గొలుసుకు బల్ల. నాకు పైన మేస్త్రి ఉన్నాడు. గోడలు కట్టేవాడు, ఒక తలకాయ మీద ఇటుక వేసి లోపలికొచ్చాడు. నన్ను సొంత తమ్ముడిలా చూస్తాడు. "నీ మీద ఈగ వాలినా నాతో చెప్పు" అంటాడు. గదిలో నాతో ఉండేది తాళాలాయన. తాళాలు చేసి అమ్మాడు, అమ్మిన తాళాలే తీసి దొరికాడు. పాపం మెత్తటి మనిషే గానీ, కిటికీ తెరుస్తానంటే మూస్తానంటాడు. మేమిద్దరం అరుచుకోవడం వరండా అంతా వింటుంది.

నిన్న భోజనాల దగ్గర ఒకడు పళ్లెంతో ఇంకొకడి తల పగలగొట్టాడు. దారి ఇవ్వలేదట, అంతే. ఎవడి పన్నో సూపులో తేలింది. తీసి పక్కన పెట్టి తాగేశారు. ఇక్కడ రోజూ ఇంతే. పిడికిలి బిగుసుకుపోయి నాది నాకే నొప్పి పుడుతోంది. అందుకే పరుగు మొదలుపెట్టాను. గోడ లోపల చుట్టూ తిరుగుతాం. ఎండలు ముదరకముందు పోటీ పెడతారట, పొద్దున మొదలుపెట్టి ఆఖరుకు ఎవడు నిలబడితే వాడు గెలిచినట్టు.

ఇక మీ ఆయన సంగతి. నేను రోజూ ఎముక, కండ చూసేవాణ్ణి. దెబ్బ ఎటు నుంచి పడిందో నాకు తెలుస్తుంది. పడేవాడు చేతులు చాపుతాడక్కా. తాగినవాడు చాపుతాడు, పసిపిల్ల కూడా చాపుతుంది. ఆ రోజు నీ పెదవి చీలింది, కంటి కింద నల్లగా వాచింది. నీ అరచేతులు తిప్పి చూశాను, ఒక్క గీత లేదు. నువ్వు పడలేదు, ఎవరో కొట్టారు. ఇంట్లో ఉన్నది ఒక్కడే. అతణ్ణి వెనకేసుకు రావడం నీకు అలవాటైపోయింది.

మీ ఆయనతో చెప్పు, నేను నమ్మను. వదలమంటే ఎంత, వద్దంటే ఎంత.

తమ్ముడు


ఫిబ్రవరి 6

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి ఇస్త్రీపెట్టె దుప్పటి మీదే వదిలేశాను. నల్లగా మచ్చ పడింది, నా జీతంలో కోస్తారు.

మీ బావ మంగలిషాపులో నువ్వు చేసిన ఘనకార్యం నీకు గుర్తుందో లేదో గానీ ఈ వీధికి గుర్తుంది. ఒక చెంప గీసి, ఇంకో చెంప మీద నురగ ఉన్న మనిషి మెడలో గుడ్డతో సహా రోడ్డు మీదికి పరిగెత్తాడు. ఇప్పటికీ పిల్లలు ఆయన్ను "సగం గడ్డం" అని పిలుస్తారు. ఆయన నవ్వుతాడు. మేమూ నవ్వుతాం. అద్దం పగిలి నేలంతా పరుచుకుంది, దాని మీద మీ బావ పడున్నాడు, నువ్వు ఆయన కుడిచెయ్యి తొక్కుతున్నావు. అది నేను చూశాను. ఆపమని అరుస్తుంటే, "నీకోసమే అక్కా" అన్నావు. నాకోసం ఆ రెండు వేళ్లు ఇక మడతపడవు.

ఇప్పుడు ఎడమచేత్తో గడ్డం గియ్యడం నేర్చుకుంటున్నాడు. బెలూన్లకు సబ్బు నురగ పూసి, కత్తితో గీస్తాడు. తప్పితే టప్పున పేలుతుంది. పేలినప్పుడల్లా చేతులు రెండూ ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. తర్వాత నా వంక చూసి సిగ్గుపడతాడు. ఒళ్లు మండిపోతుందిరా నాకు, నువ్వు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలీదు.

చేతుల మాట చెప్తాను, ఆఖరుసారి. అప్పట్లో ఏమీ తినకుండా పరిగెత్తేదాన్ని. ఒంట్లో ఉన్నదంతా అయిపోయాక ముందు కళ్లు బైర్లు కమ్ముతాయి. మాట తడబడుతుంది, కాళ్లు నావి కావనిపిస్తుంది. పడడం తర్వాత సంగతి. పడే వేళకి నేను అక్కడ లేను. చేతులు చాపమని ఎవరు చెప్తారు వాటికి?

నువ్వూ పరిగెడుతున్నావు కాబట్టి విను. ఆకలి తెలియకముందే కాస్త కాస్త చప్పరించు, వెంట నీళ్లు తాగు. ఒకేసారి మింగితే కడుపు తిప్పేస్తుంది. పోటీ రోజున కొత్తగా ఏదీ నోట పెట్టకు, ముందు నుంచే అలవాటు చేసుకో. నీ మీద కోపం వేరు, నీ కడుపు వేరు.

అక్క


ఫిబ్రవరి 27

అక్కా,

కోపంలో కూడా బాగా రాస్తావు. ఆఫీసరు కూడా ఒక్క ముక్క కొట్టెయ్యలేదు, కథలా ఉందనుకున్నాడేమో.

పాకం కాస్తున్నాను. మేస్త్రి పెద్ద గిన్నె ఇచ్చాడు, పంచదార ఎక్కడి నుంచి తెస్తాడో అడగొద్దన్నాడు. ఇప్పుడు పరిగెత్తేవాళ్లంతా నా దగ్గరికి సీసాలు పట్టుకొస్తున్నారు. మొన్న ఒకడు తన వంతు కాకుండా తాగాడని మేస్త్రి వాడి చెవి పట్టుకుని పొయ్యి దాకా ఈడ్చాడు. జుట్టు కాలిన వాసన వచ్చాక నేనే విడిపించాను. మంచివాడే గానీ నా సంగతి వస్తే ఆగడు. నా కేసు కథ అంటే అతనికి ప్రాణం. అరచేతుల మాట దగ్గరికి వచ్చేసరికి బల్ల గుద్ది, "శభాష్, అలా చూడాలి మనిషిని!" అంటాడు. ఎన్నిసార్లు చెప్పించుకున్నాడో.

నీ మాటకు నేను పరీక్ష పెడతాను. పోటీ రోజు పొద్దున్నే లేచి ఏమీ తినను, పాకం ముట్టను. ఒంట్లో ఉన్నదంతా అయిపోయేదాకా పరిగెడతాను. పడితే చేతులు చాపుతాను, చూసుకో. చాపానని రాశాక మాత్రం నువ్వు నిజం ఒప్పుకోవాలి. అప్పుడు మీ ఆయన కమిటీ ముందుకు వచ్చినా నాకు అక్కర్లేదు, రాకపోయినా అక్కర్లేదు.

తాళాలాయన నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. కిటికీ గొడవ ఇంకా తెగలేదు.

తమ్ముడు


మార్చి 15

నీకు,

జైలు నుంచి కాగితం వచ్చింది. వంటశాలలో నువ్వు కాచిన పాకం మరగబెట్టి ఒక ఖైదీ ముఖం మీద పోశారని, అతను నీ గదిలో ఉండే మనిషేనని, నిన్ను ఒంటరి గదిలో పెట్టారని రాశారు.

నేను నీకు తిండి రాసి పంపాను. నువ్వు దాన్ని మనిషి ముఖం మీద పోశావా? కిటికీ కోసమా? ఆ కాగితం చదివే వేళకి పొయ్యి మీద నా గిన్నె ఉంది, దాన్ని అలాగే తీసుకెళ్లి మురుగులో పారబోశాను. ఆ చేత్తో ఎలా పోశావురా? ఆ మనిషి నాకు నమస్కారాలు చెప్పమన్నాడని నువ్వే రాశావు.

మీ బావ చేతిలో బెలూను నురగ తుడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "వాడు కాదేమో. అడగకుండా అనుకోవద్దు, అడుగు" అన్నాడు. ఎవరు అంటున్నారో చూడు ఆ మాట. ఆయన మెత్తదనం చూస్తే నాకు ఇంకా మండింది. నేను అడగను. నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినదాన్ని, నాకు అడగాల్సిన పని లేదు.

కమిటీకి మేము రాము. ఇక ఉత్తరం రాయకు.


ఏప్రిల్ 2

అక్కా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చింపెయ్యాలంటే చదివాక చింపు.

నేను పొయ్యలేదు. నువ్వు అడగలేదు, బావ అడగమన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకునే ఈ ఉత్తరం.

చెప్పినట్టే ఏమీ తినకుండా పరిగెత్తాను. చాలాసేపు బాగానే ఉంది. నిన్ను తలుచుకుని నవ్వుకున్నాను కూడా. తర్వాత అరికాళ్లు చల్లబడ్డాయి. పక్కన పరిగెత్తేవాడు ఏదో అడిగితే జవాబు నోట్లోనే ముద్ద అయిపోయింది. గోడ మెత్తగా కనిపించింది, ఆనుకుని పడుకోవచ్చనిపించింది. అంతవరకే తెలుసు. కళ్లు తెరిస్తే నోట్లో మట్టి, నెత్తురు. పై పెదవి చీలింది. ఒక కన్ను తెరుచుకోలేదు. తెరుచుకున్న కంటితో ముందు చూసుకున్నది అరచేతులు. శుభ్రంగా ఉన్నాయక్కా. ఇప్పుడే కడుక్కున్నట్టు ఉన్నాయి.

నేల మీదే పడి ఏడ్చాను. దెబ్బకు ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు.

జైలు ఆసుపత్రిలో సెలైను పెట్టారు. మేస్త్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవడు?" అన్నాడు. పడ్డానన్నాను. దగ్గరికొచ్చి నా చేతులు తిప్పి చూశాడు, అచ్చం నేను నీవి చూసినట్టే. "పడ్డవాడి చేతులు ఇలా ఉంటాయా తమ్ముడూ? ఎవణ్ణి కాస్తున్నావు?" అన్నాడు. లేదు అన్నా, నిజంగానే పడ్డాను, అని అరిచాను. పెదవి వాచి మాట సరిగ్గా రాలేదు. వచ్చినా వినేవాడు కాదు. నేను విన్నానా?

నాతో రోజూ గొడవపడేది ఎవరో వరండా అంతటికీ తెలుసు. మేస్త్రి నేరుగా వంటశాలకు వెళ్లి నా గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టాడు. ఈసారి తీగపాకం దాటించాడు. తాళాలాయన మంచం మీద కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటున్నాడట. నీళ్లయితే జారిపోతాయి, పాకం జారదు. తుడుచుకోబోతే చర్మం చేతికి వచ్చింది. ఆ కేక నాకు ఆసుపత్రి మంచం మీదికి వినబడింది. ఎవరిదో తెలీదు, ఎందుకో మాత్రం తెలిసిపోయింది.

సూది పీకేసుకుని పరిగెత్తాను. మేస్త్రి చేతులు కిందికి వేలాడేసుకుని నిలబడ్డాడు. నన్ను చూసి, "నీకోసమే తమ్ముడూ" అన్నాడు. అదే మాట. కొట్టాను. ముక్కు విరిగింది, ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడే. ఒక్క దెబ్బతో ఆపేశానని రాద్దామనుకున్నాను. అబద్ధం. వార్డర్లు నలుగురు మీద పడి పట్టుకున్నారు కాబట్టి రెండోది పడలేదు. అందుకే ఒంటరి గది.

తాళాలాయన బతికాడు. కన్ను ఒకటి పోయింది. నా మీద కేసు లేదు, వాళ్లకు నిజం తెలిసింది. నీకు వచ్చిన కాగితం తెలియకముందు రాసింది.

నువ్వు పడ్డావు. బావ నిన్ను కొట్టలేదు. నమ్ముతున్నానని ఆయనతో చెప్పు. కమిటీకి రావడం, మానడం ఆయన ఇష్టం.

తమ్ముడు


జూన్ 11

తమ్ముడూ,

అడగకుండా నిన్ను ఆ మాట అన్నాను. నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మన ఇంట్లో ఇద్దరికీ ఒకటే రోగం, మీ బావ ఒక్కడే దొరకలేదు దానికి.

నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "నమ్ముతున్నాను" దగ్గర మళ్లీ చదవమన్నాడు. ఆ రోజు షాపు తెరవలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను కదిలించలేదు.

మళ్లీ పాకం కాచుకుని నా పోటీ పరిగెత్తాను. కవర్లన్నీ వేళకి చప్పరించాను, ఒంట్లో బలం ఉంది, కళ్లు బాగానే కనిపిస్తున్నాయి. అయినా చివర్లో రాయి తన్నుకుని పడ్డాను. ఈసారి చేతులు చాపాను, రెండు అరచేతులూ చెక్కుకుపోయాయి. దారిన పోయే ఒకాయన లేపి కూర్చోబెట్టాడు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంటే నాకు నొప్పి తెలియలేదు. ఒకటే భయం. ఈ మనిషిని ఎవరైనా చూశారేమో, దీనికి ఎవరు తన్నులు తింటారో అని. "వెళ్లిపోండి, వెళ్లిపోండి" అని ఆయన్ను తోసేశాను. ఆయన బిత్తరపోయి వెళ్లిపోయాడు.

కమిటీ నిన్న కూర్చుంది. నువ్వు ఒంటరి గదిలో ఉన్నావు కాబట్టి నిన్ను పిలవలేదట. మీ బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బల్ల వెనక ముగ్గురున్నారు. ఆయన మాట్లాడేటప్పుడు దవడ టక్కుమంటుంది కదా, ఆ గదిలో అది అందరికీ వినబడింది. "వాడు నమ్మాడు. నాకు కావలసింది అదే. వదిలెయ్యండి" అన్నాడు. మరి మేస్త్రి ముక్కు సంగతేంటని అడిగారు. "నా దవడ గురించి అడగడానికి పిలిచారు, దాని గురించి చెప్పాను" అన్నాడు. వాళ్లలో ఒకావిడ నవ్వేసింది. తర్వాత నా వైపు తిరిగి, "బయటికొస్తే మీ ఇంటికే కదా వస్తాడు, మీరేమంటారమ్మా?" అంది.

వద్దన్నాను.

నేనే అన్నానురా. మీ బావ కాదు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపబోయాడు కూడా. నీ మీద పగతో కాదు, నువ్వు ఆయన్ను మళ్లీ కొడతావని కూడా కాదు. నాకు జ్వరం రావాలి, నేను మెట్ల మీద జారాలి, కత్తితో వేలు కోసుకోవాలి, దేనికీ ఎవరి ఎముకా విరక్కూడదు. నేను పడితే అది నా దెబ్బ. నీ ప్రేమకు భయపడుతూ నేను నడవలేను. మేస్త్రి నిన్ను ప్రేమిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు నీకు తెలుసు. నువ్వు నన్ను ప్రేమిస్తే నాకు అలాగే ఉంటుంది.

వచ్చే ఏడు మళ్లీ కూర్చుంటారట. అప్పుడు అడిగితే అప్పుడు ఆలోచిస్తాను. ఇంటికి వస్తూ దారంతా ఏడ్చాను.

అక్క


జూన్ 28

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు తలుపును తన్నాను. కాలి వేలు విరిగింది. తలుపుకు ఏమీ కాలేదు. బావతో చెప్పు, నవ్వుకుంటాడు.

రెండు రోజులు నిన్ను తిట్టాను. ఇక్కడ రాస్తే ఆఫీసరు సిరా అయిపోతుంది. మూడో రోజు ఉత్తరం మళ్లీ తీసి, ఆ బాటసారిని తోసేశానని రాసిన చోటు చదివాను. ఇంకా తిడదామంటే తిట్టు రాలేదు. నువ్వు ఎవరికి భయపడి తోశావో నాకు తెలుసు.

నన్ను మళ్లీ పాత గదిలోకి పంపారు. తాళాలాయన కూడా ఆసుపత్రి నుంచి వచ్చాడు. నాతో ఉండనంటాడేమో అనుకున్నాను. కాలిన ముఖానికి గాలి తగలాలట, కిటికీ తెరిచే ఉంచాలని ఈసారి ఆయనే అన్నాడు, సరేనన్నాను. ముఖానికి కట్లున్నాయి, నమలలేడు. పాకం అన్న మాట ఇప్పుడు ఆయన ముందు ఎత్తలేను. బంగాళాదుంప, అరటిపండు మెత్తగా చేసి, ఉప్పు వేసి, చల్లార్చి చెంచాతో పెడుతున్నాను. ముందు నేను తిని చూపిస్తేనే నోరు తెరుస్తాడు.

నిన్న తింటూ తింటూ, "ఇంతకీ నువ్వు దేనికొచ్చావు లోపలికి?" అని అడిగాడు. ఇన్నాళ్లూ మేస్త్రితో చెప్పుకున్నానే గానీ ఈయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెంచా గిన్నెలో పెట్టాను.

"మా అక్క పరిగెడుతూ పడిపోయింది" అన్నాను. "నేను మా బావను కొట్టాను."

ఆయన ఆ ఒక్క కన్నూ నా వైపు తిప్పాడు. "ఎందుకు?" అన్నాడు.

చెంచా మళ్లీ తీసుకుని, ముందు నేను తిని చూపించానక్కా.

నీ తమ్ముడు